బ్యాంకులో పడినదే కమీషన్ కాదు: ఇన్సూరెన్స్ ఏజెంట్ల కోసం ట్యాలీ లెక్కలు

ఇన్సూరెన్స్ ఏజెంట్లు ఎవరైనా లెక్కలు రాయమని పిలిస్తే నేను ముందు అడిగేది ఒకటే. "కంపెనీ నుంచి మీకు ఇంకా ఎంత రావాలండీ?" వెంటనే ఫోన్ తీసి బ్యాంకు యాప్ చూపిస్తారు. అందులో వచ్చింది కనబడుతుంది గానీ రావలసింది ఎక్కడ కనబడుతుంది?

నేను ఉండేది పాలకొల్లు. ఇటు భీమవరం, నరసాపురం, అటు చించినాడ వంతెన దాటి రాజోలు, మలికిపురం దాకా కొందరు ఏజెంట్లకు, రాజమండ్రిలో ఒక బ్రోకింగ్ సంస్థకు ట్యాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చూస్తుంటాను. మా వైపు పాలసీలంటే లారీలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల మేత గోడౌన్లు, ఇంకా ఇంటింటికీ హెల్త్, లైఫ్. ఒక్కోదానికి కమీషన్ ఒక్కో రకం. అన్నిటినీ "కమీషన్" అనే ఒకే లెడ్జర్‌లో, బ్యాంకులో పడిన రోజున పడినంతా రాసేస్తే ఏడాది చివర ఏ పాలసీకి డబ్బు రాలేదో, టీడీఎస్ (కంపెనీ ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) ఎంత కోశారో, అసలు ఆదాయం ఎంతో ఏదీ తేలదు.

"మనదేమైనా పెద్ద వ్యాపారమా, 44ఏడీ కింద ఇంత శాతం లాభమని చూపించేద్దాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 44ఏడీ అంటే చిన్న వ్యాపారులు పుస్తకాలు రాయకుండా ఇంత శాతం లాభమని చూపించుకోనిచ్చే ఆదాయపు పన్ను సెక్షన్. కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి అది వర్తించదు. కిరాణా కొట్టుకున్న వెసులుబాటు ఏజెంటుకి లేదు. పెట్రోలు, ఫోను, సంక్రాంతికి పంచే క్యాలెండర్లు, డైరీల ఖర్చు తీసేసుకోవాలన్నా పుస్తకాలు ఉండాల్సిందే.

ఇక్కడ చెప్పే టీడీఎస్ రేట్లు, సెక్షన్ నంబర్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 వర్తిస్తుంది కాబట్టి అక్కణ్నుంచి నంబర్లు వేరు. ఎంట్రీలు వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు లెడ్జర్లు

ఎఫ్11 నొక్కి బిల్-వైజ్ ఎంట్రీ, కాస్ట్ సెంటర్లు రెండూ "ఎస్" పెట్టండి. బిల్-వైజ్ అంటే ఒక్కో బిల్లు బాకీని విడిగా చూపడం, అది లేకపోతే ఈ పద్ధతే లేదు.

సండ్రీ డెటర్స్ కింద "ఇన్సూరెన్స్ కంపెనీలు" అని ఒక గ్రూపు తెరిచి, మీరు పనిచేసే ప్రతి కంపెనీకీ అందులో ఒక లెడ్జర్ పెట్టండి. బిల్-బై-బిల్ బ్యాలెన్స్ "ఎస్". కంపెనీని డెటర్ కింద పెట్టడమేమిటని కొందరు వింతగా చూస్తారు. మీకు డబ్బు ఇవ్వాల్సింది కంపెనీయే కదా, పాలసీ తీసుకున్న రైతు కాదు.

ఆదాయం లెడ్జర్లను డైరెక్ట్ ఇన్‌కమ్స్ కింద పెట్టండి. చాలామంది ఇన్‌డైరెక్ట్ ఇన్‌కమ్స్‌లో పడేస్తారు. వేరే వ్యాపారం చేసుకుంటూ ఎప్పుడో ఒక కమీషన్ వచ్చేవాళ్లకి అది సరిపోతుంది. మీకు ఇదే బతుకుతెరువు. ఏజెంటుకి నేను పెట్టే లెడ్జర్లు ఇవి: మోటార్ ఓడీ (సొంత బండి నష్టానికి), మోటార్ టీపీ (ఎదుటివాళ్ల నష్టానికి), ఫైర్, హెల్త్, లైఫ్ మొదటి ఏడాది, లైఫ్ రెన్యువల్. లైఫ్‌ని రెండుగా విడదీయడానికి కారణం ఉంది. రెన్యువల్ కమీషన్ కొబ్బరి తోట లాంటిది, దింపు దింపుకీ ఎంతో కొంత చేతికొస్తుంది. మొదటి ఏడాది కమీషన్ ఆ సంవత్సరం తిరిగినదాన్ని బట్టే ఉంటుంది. రెండూ కలిపేస్తే, ఈ ఏడాది కొత్త పాలసీలు తగ్గిపోయిన సంగతి రెన్యువల్ చాటున దాక్కుంటుంది.

ఇవి కాక ఇంకో నాలుగు లెడ్జర్లు కావాలి. కరెంట్ అసెట్స్ కింద "టీడీఎస్ 2025-26" (ఏడాదికొకటి విడిగా, పాత ఏడాది టీడీఎస్‌ని కొత్త ఏడాదితో కలపొద్దు), కరెంట్ లయబిలిటీస్ కింద "కస్టమర్ల ప్రీమియం", సండ్రీ డెటర్స్ కింద "ప్రీమియం అరువు", డైరెక్ట్ ఇన్‌కమ్స్‌లోనే "కమీషన్ వెనక్కి".

కాస్ట్ సెంటర్లు ఊళ్ల పేరుతోనో, మీ దగ్గర పనిచేసే కుర్రాళ్ల పేరుతోనో పెట్టుకోండి. పాలసీకొక లెడ్జర్ మాత్రం తెరవకండి. ఆ పని చేసిన పుస్తకాలు చూశాను, లెడ్జర్ల జాబితా ఓటర్ల లిస్టంత ఉంది.

ప్రీమియం మన డబ్బు కాదు

కస్టమర్ ఇచ్చిన ప్రీమియం ఒక్క నిమిషం కూడా మీ ఆదాయం కాదు. బీమా చట్టం 1938లో 64వీబీ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఏజెంటు ప్రీమియం వసూలు చేస్తే 24 గంటల్లో (బ్యాంకు, పోస్టాఫీసు సెలవులు తీసేసి) కంపెనీకి జమ చేయాలి. అదీ పూర్తిగా, తన కమీషన్ పట్టుకోకుండా. "నా కమీషన్ పోను మిగతాది కట్టేశాను" అనే ఎంట్రీ పుస్తకంలో కనబడిందంటే అది లెక్కల పొరపాటుతో ఆగదు, చట్టం దాటినట్టే.

అన్నిటికన్నా మంచి పద్ధతి, పేమెంట్ లింకు కస్టమర్‌కే పంపి ఆయన ఫోన్లోంచే కట్టించడం. అప్పుడు ప్రీమియం మీ పుస్తకంలోకి రానే రాదు. నగదు చేతికొస్తే మాత్రం ఎఫ్6 రిసీట్‌లో క్యాష్ డెబిట్, "కస్టమర్ల ప్రీమియం" క్రెడిట్. కంపెనీకి కట్టగానే ఎఫ్5 పేమెంట్‌లో దానికి తిరుగుడు ఎంట్రీ. సాయంత్రం షట్టర్ వేసేలోపు ఆ లెడ్జర్ సున్నా అయిందో లేదో చూడండి. కాకపోతే ఎవరి ప్రీమియం సంచీలో ఉండిపోయిందో ఆ రాత్రికే తెలియాలి. డబ్బు కట్టనిదే కంపెనీకి రిస్కు మొదలవదు. ఆ రాత్రే ఉండి ఊరి రోడ్డులో లారీ కాలవలోకి పోతే ఆ లెడ్జర్‌లో మిగిలిన అంకె మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక మా వైపు అసలు తలనొప్పి అరువు. "ఆయ్, చెరువు పట్టుబడి అయ్యాక ఇచ్చేస్తానండి, ముందు మీరు కట్టేయండి" అంటారు రొయ్యల రైతులు. వరి రైతయితే దాళ్వా డబ్బులొచ్చాక అంటారు, కోనసీమలో అయితే దింపు తీయించాక. పాలసీ గడువు ఆగదు కాబట్టి ఏజెంటు తన జేబులోంచి కడతాడు. ఆ డబ్బును ఖర్చుగా రాయకండి, "కస్టమర్ల ప్రీమియం"లోనూ కలపకండి. "ప్రీమియం అరువు" లెడ్జర్‌లో కస్టమర్ పేరు, బండి నంబరు కలిపి న్యూ రెఫ్‌గా (కొత్త బాకీగా) డెబిట్ చేయండి, తిరిగి ఇచ్చినప్పుడు అగెనెస్ట్ రెఫ్ (ఆ బాకీకే జమ). ఏ బాకీ ఎన్నాళ్లదో చూపే ఏజ్‌వైజ్ రిపోర్టు తీస్తే ఎవరి చెరువు ఎప్పుడో పట్టేశారో, మీకు మాత్రం ఇవ్వలేదో తెలిసిపోతుంది.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది. పది వేలు కట్టిన చోట తొమ్మిదిన్నర వేలిచ్చి "మిగతాది వదిలేయండి" అంటాడు కస్టమర్. ఏజెంటు మొహమాటపడి వదిలేస్తాడు. ఆ అయిదు వందలను "కస్టమర్ డిస్కౌంట్" అని రాస్తే మీ చేత్తో మీరే రుజువు రాసిపెట్టినట్టు. కమీషన్‌లోంచి కస్టమర్‌కి వాటా ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నిషేధం, జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉంది. "మరి ఏ పేరుతో రాయమంటారు?" అని నన్ను అడుగుతారు. ఏ పేరుతోనూ రాయను. ఆ అయిదు వందలు వసూలు చేసుకు రండి అంటాను.

కమీషన్ ఎంత రావాలో లెక్కకట్టడం

కమీషన్ నెట్ ప్రీమియం మీద వస్తుంది, జీఎస్టీ కలిపిన మొత్తం మీద కాదు. ఉండిలో ఒక రైసు మిల్లు ఫైర్ పాలసీ అనుకుందాం. నెట్ ప్రీమియం 60,000, జీఎస్టీ 18 శాతం 10,800, కస్టమర్ కట్టింది 70,800. కమీషన్ 15 శాతమైతే మీకు రావలసింది 9,000. 70,800 మీద లెక్కేసుకుంటే 10,620 వస్తుంది. తర్వాత స్టేట్‌మెంట్‌లో 1,620 తగ్గిందని కంపెనీతో గొడవకు వెళ్లి చిన్నబోయి రావాలి.

లారీ పాలసీలో లెక్క ఇంకాస్త మెలికగా ఉంటుంది. ఓడీ ప్రీమియం 18,000, టీపీ 44,000 అనుకోండి. ఓడీ మీద 15 శాతం, టీపీ మీద 2.5 శాతం అయితే 2,700, 1,100 కలిపి 3,800. మొత్తం 62,000 మీద 15 శాతమని ఆశపడితే 9,300. సరుకు రవాణా బండ్లలో ప్రీమియంలో పెద్ద ముక్క టీపీదే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఆదాయం లెడ్జర్ ఓడీకొకటి, టీపీకొకటి పెట్టమన్నది ఇందుకే.

ఈ శాతాలు నేను ఉదాహరణకి వేసినవి. 2023 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కమీషన్ నిబంధనలు మారాయి. ఒక్కో రకం పాలసీకి ఇంతకు మించి ఇవ్వకూడదనే పాత పరిమితి పోయి, కంపెనీ బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం కమీషన్ ఇస్తున్నారు. అంటే ఒకే లారీకి రెండు కంపెనీల్లో రెండు రేట్లు ఉండొచ్చు, అవి మధ్యలో మారనూవచ్చు. రేటు మారినట్టు మెయిలో, సర్క్యులరో వచ్చిన రోజే కంపెనీవారీగా ఒక ఫోల్డర్లో వేసుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చిందాన్ని నమ్ముకుంటే, అడగాల్సిన రోజున అది దొరకదు.

2025 సెప్టెంబర్ 22 తర్వాత ఎక్సెల్ ఫార్ములాలు కూడా ఒకసారి తిరగేయాలి. కస్టమర్ కట్టిన మొత్తాన్ని 1.18తో భాగించి నెట్ ప్రీమియం తీసే ఫార్ములా చాలామంది దగ్గర ఉంది. ఆ తేదీ నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. అక్కడ ఆ భాగహారం చేస్తే మీ కమీషన్ మీరే తగ్గించుకున్నట్టు. గ్రూపు హెల్త్ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. సరుకు రవాణా బండ్ల టీపీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పై లారీకి ఓడీ మీద 3,240, టీపీ మీద 2,200 జీఎస్టీ కలిపితే 67,440. దాన్ని 1.18తో భాగిస్తే 57,153 వస్తుంది, అసలు నెట్ 62,000. అందుకే నేను భాగించడమే మానేశాను. పాలసీ కాగితంలో నెట్ ప్రీమియం విడిగా ఉంటుంది, చూసి కొట్టడమే.

ఆ మార్పు తర్వాత హెల్త్, లైఫ్ స్టేట్‌మెంట్లలో ఇంకోటి గమనించాను. కొన్ని కంపెనీలు కమీషన్‌ను జీఎస్టీతో కలిపిన మొత్తంగా లెక్కకట్టడం మొదలుపెట్టాయి. 20,000 ప్రీమియం మీద 15 శాతం అంటే 3,000 కదా. దాన్ని పన్నుతో కలిపిన అంకెగా తీసుకుంటే మీకు మిగిలేది 2,542. ఏజెంట్లకి ఇది మింగుడుపడలేదు, నాకూ సబబుగా అనిపించలేదు. కానీ పుస్తకంలో రాయాల్సింది కంపెనీ ఒప్పుకున్న రేటే. కోపం వేరు, లెడ్జర్ వేరు.

ఎంట్రీలు

పాలసీ జారీ అయిన రోజున ఎఫ్7 జర్నల్. రైసు మిల్లు ఉదాహరణే తీసుకుందాం.

డెబిట్: కంపెనీ 9,000 (న్యూ రెఫ్: పాలసీ నంబరు)
క్రెడిట్: ఫైర్ కమీషన్ 9,000

రెఫ్‌లో ఏం రాస్తున్నారన్నదే ఈ పద్ధతికి ప్రాణం. జనరల్ పాలసీలకు పాలసీ నంబరు చాలు. మధ్యలో ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు) వస్తే నంబరు చివర ఈ1, ఈ2 అని తగిలించండి. లైఫ్‌లో ఒకే నంబరు మీద ఏళ్ల తరబడి కమీషన్ వస్తుంది కాబట్టి నంబరు తర్వాత ప్రీమియం గడువు నెల, సంవత్సరం చేర్చాలి. 2025 అక్టోబర్ అయితే చివర /1025. అలా చేయకపోతే మూడు నెలల వాయిదాలన్నీ ఒకే రెఫ్ కింద కలిసిపోయి ఏది వచ్చిందో, ఏది రాలేదో విడదీయలేరు.

రోజుకి పది పాలసీలు చేస్తే పది జర్నల్స్ అక్కర్లేదు. కంపెనీకొక జర్నల్ చాలు. మొత్తం డెబిట్ చేస్తే బిల్-వైజ్ తెర వస్తుంది, అందులో పది న్యూ రెఫ్‌లు వరసగా కొట్టండి. పాలసీలు వందల్లో ఉంటే ట్యాలీ ప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలు నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు.

కంపెనీ స్టేట్‌మెంట్ వచ్చాక రెండు ఎంట్రీలు. వ్యక్తిగత ఏజెంటుకి ఆదాయపు పన్ను 194డి సెక్షన్ కింద టీడీఎస్ 2 శాతం (2025 ఏప్రిల్ 1కి ముందు 5 శాతం ఉండేది). 9,000 మీద 180.

జర్నల్. డెబిట్: టీడీఎస్ 2025-26 180, క్రెడిట్: కంపెనీ 180 (అగెనెస్ట్ రెఫ్)
రిసీట్. డెబిట్: బ్యాంకు 8,820, క్రెడిట్: కంపెనీ 8,820 (అగెనెస్ట్ రెఫ్)

ఇప్పుడు ఆ రెఫ్ సున్నా అయింది. ఆదాయం 9,000 గానే ఉంది, 8,820 కాలేదు. ఆ 180 మీ పన్నులోకి ముందే కట్టిన డబ్బు. బ్యాంకులో పడిన 8,820నే ఆదాయంగా రాసేవాళ్లు ఆదాయం తక్కువ చూపించినట్టూ అవుతుంది, టీడీఎస్ అడగడం మరిచిపోయి చేతిలో డబ్బు వదిలేసుకున్నట్టూ అవుతుంది.

టీడీఎస్ ప్రతి నెలా సరిగ్గా 2 శాతం ఉండాలనుకోవద్దు. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 20,000 దాటకపోతే కోత లేదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా 18,000 వచ్చింది, ఏమీ కోయలేదు. ఆగస్టులో 6,000 వచ్చింది. ఇప్పుడు మొత్తం 24,000 మీద కోస్తారు, అంటే 480. ఆగస్టులో చేతికి 5,520 వస్తుంది. "ఈ నెల ఎనిమిది శాతం కోసేశారండీ" అని టెన్షన్‌తో ఫోన్ చేస్తారు. కంపెనీ దగ్గర పాన్ లేకపోతే మాత్రం కోత నిజంగానే 20 శాతం, అది వేరే టెన్షన్.

స్టేట్‌మెంట్‌తో పోల్చడం

నెలకోసారి చేయాల్సిన అసలు పని ఇదే, జనం ఎగ్గొట్టేదీ ఇదే.

కంపెనీ పోర్టల్ నుంచి కమీషన్ స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో దింపుకోండి. ట్యాలీలో ఆ కంపెనీ లెడ్జర్ అవుట్‌స్టాండింగ్స్ తెరిచి (ఆల్ట్+జీ నొక్కి పేరు కొడితే చాలు) దాన్ని కూడా ఎక్సెల్‌లోకి పంపండి. పాలసీ నంబరు ఆధారంగా వీలుకప్ (VLOOKUP) ఫార్ములా పెడితే జతపడినవీ పడనివీ వేరవుతాయి.

ఇక్కడ ఎక్సెల్ చేసే ఒక మాయ చెప్పాలి. ఎక్సెల్ ఏ అంకెలోనైనా మొదటి 15 స్థానాలే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. కొన్ని జనరల్ కంపెనీల పాలసీ నంబర్లు 15 అంకెల కన్నా పొడవుంటాయి. వాటిని మామూలు గడిలో అతికిస్తే చివరి అంకెలు ఎగిరిపోయి, ఒకే రోజు చేసిన నాలుగైదు పాలసీలు ఒకే నంబరుతో కనబడతాయి. అతికించక ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. అతికించాక మారిస్తే లాభం లేదు, పోయిన అంకెలు తిరిగి రావు. నంబరుకి ముందూ వెనకా స్పేస్ ఉన్నా జతపడదు, ట్రిమ్ పెట్టుకోండి.

పోల్చాక మూడు కుప్పలు తేలతాయి. మన దగ్గరా వాళ్ల దగ్గరా సరిపోయినవి, వాటికి పై రెండు ఎంట్రీలు వేసేయండి. వాళ్ల దగ్గర ఉండి మన దగ్గర లేనివి సాధారణంగా కస్టమర్ తనే ఆన్‌లైన్లో కట్టుకున్న రెన్యువళ్లు. అవి మనకి తెలియకుండా వచ్చిన డబ్బు, సంతోషంగా జర్నల్ వేసుకోండి. మన దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేనివే మీరు వెంటపడాల్సినవి. పాలసీ వేరే ఏజెంటు కోడ్‌లో పడిందా, పోర్టల్‌లో కోడే లేకుండా డైరెక్టుగా పడిందా, చెక్కు ఇంకా క్లియర్ కాలేదా అని ఒక్కొక్కటీ చూడాలి. కోడ్ తప్పు పడినవి ఎంత త్వరగా అడిగితే అంత తేలిగ్గా సరిచేస్తారు. నెలలు గడిచాక అడిగితే బ్రాంచిలో మనిషే మారిపోతాడు, కొత్తాయనకి కథంతా మొదట్నుంచి చెప్పాలి.

రేటులో కొద్దిగా తేడా వస్తే వెంటనే రైటాఫ్ చేయకండి. అదే రెఫ్ మీద మిగులుగా ఉంచి మెయిల్ పెట్టండి. కంపెనీ జవాబులో రేటు తక్కువేనని తేలితే, ఆ మెయిల్ తేదీ నరేషన్‌లో రాసి ఆదాయం లెడ్జర్ డెబిట్ చేసి సరిచేయండి.

వెనక్కి పోయే కమీషన్

కస్టమర్ చెక్కు బౌన్సవుతుంది. లేదా పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో, ఫ్రీ-లుక్ గడువులో, వద్దని వెనక్కి ఇచ్చేస్తాడు. కంపెనీ ఇచ్చిన కమీషన్‌ను తర్వాతి స్టేట్‌మెంట్‌లో మైనస్ చేసి చూపిస్తుంది. దాన్ని పాత జర్నల్ డిలీట్ చేసి సరిపెట్టకండి. పాత నెల లెక్క మారిపోతుంది, ముందు వేసిన రిసీట్ దిక్కులేనిదవుతుంది. "కమీషన్ వెనక్కి" డెబిట్, కంపెనీ క్రెడిట్ చేసి, రెఫ్‌లో పాలసీ నంబరుకి ముందు "వె" అని పెట్టండి. తర్వాత నెల కోసుకున్నప్పుడు ఆ రెఫ్‌తోనే సరిపెట్టండి. ఈ లెడ్జర్ విడిగా ఉంటే ఏ ఊళ్లో, ఎవరు చేసిన పాలసీలు ఎక్కువ వెనక్కి వస్తున్నాయో కాస్ట్ సెంటర్ రిపోర్టు చెప్పేస్తుంది. టార్గెట్ కోసం మార్చి నెలాఖరున చుట్టాల చేత చేయించిన పాలసీలు ఏప్రిల్‌లో ఇక్కడ ప్రత్యక్షమవుతాయి.

కంపెనీ పోటీల్లో గెలిచిన ఫ్రిజ్జులు, థాయ్‌లాండ్ ట్రిప్పులు కూడా ఆదాయమే. ఏడాదిలో విలువ 20,000 దాటితే 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ ఉంటుంది. దానికొక లెడ్జర్ పెట్టి విలువ రాసేయండి.

జీఎస్టీ, బ్రోకరు సంగతి

వ్యక్తిగత ఏజెంటు ఇన్సూరెన్స్ కంపెనీకి చేసే సేవ మీద జీఎస్టీ రివర్స్ చార్జ్‌లో కంపెనీయే కడుతుంది. ఏజెంటు 18 శాతం కలిపి బిల్లు ఇవ్వక్కర్లేదు. ఈ పని తప్ప ఇంకేదీ లేకపోతే రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఎరువుల కొట్టు కూడా ఉండి దానికి జీఎస్టీ నంబరుంటే, కమీషన్‌ను జీఎస్టీఆర్-1లో రివర్స్ చార్జ్ సరఫరాగా చూపాలి, పన్ను మాత్రం కట్టేది కంపెనీయే.

బ్రోకరు అలా కాదు. బ్రోకరే పన్ను వసూలు చేసి కట్టాలి. అందుకని బ్రోకింగ్ సంస్థలో నేను జర్నల్ బదులు ఎఫ్8 సేల్స్ ఇన్‌వాయిస్ వేస్తాను, ఎస్ఏసీ (జీఎస్టీలో సేవల) కోడ్ 997161. లక్ష బ్రోకరేజీకి 18,000 జీఎస్టీ కలిపి బిల్లు 1,18,000. సంస్థ కంపెనీ అయితే 194డి కోత 10 శాతం, అదీ జీఎస్టీ తీసేసిన లక్ష మీదే, అంటే 10,000. బ్యాంకులో పడేది 1,08,000.

ఆ లక్షలో 60,000 పాలసీ తెచ్చిన పీఓఎస్‌పీలకు (సంస్థ తరఫున పాలసీలు అమ్మేవాళ్లకి) పోతుందనుకోండి. ఆదాయం 40,000 అని రాయకూడదు. లక్ష ఆదాయం, 60,000 ఖర్చు, రెండూ పూర్తిగా కనబడాలి. ఆ 60,000 ఒకరికే ఇస్తున్నారనుకుంటే దాని మీద సంస్థే 2 శాతం, 1,200 కోసి 58,800 పంపాలి. కోసిన 1,200 "టీడీఎస్ చెల్లించాల్సింది" లెడ్జర్‌లో లయబిలిటీ, తర్వాతి నెల 7లోపు కట్టాలి, మార్చిది ఏప్రిల్ 30లోపు. మన దగ్గర కోసిన టీడీఎస్ అసెట్, మనం కోసిన టీడీఎస్ లయబిలిటీ. రెంటినీ ఒకే లెడ్జర్‌లో వేసి "సరిపోయిందిగా" అనేవాళ్లకి నోటీసు వచ్చాక గానీ తెలియదు. పీఓఎస్‌పీ వాటా కూడా అదే పాలసీ నంబరు రెఫ్‌తో సండ్రీ క్రెడిటర్స్‌లో రాయండి. కంపెనీ కమీషన్ వెనక్కి తీసుకుంటే ఇతని దగ్గర్నుంచి ఎంత తీసుకోవాలో అక్కడే దొరుకుతుంది.

మార్చి

మార్చిలో చేసిన పాలసీల కమీషన్ ఏప్రిల్‌లో చేతికొస్తుంది. కంపెనీ మాత్రం మార్చి 31 తేదీతోనే మీ ఖాతాకి క్రెడిట్ చేసి టీడీఎస్ కోసేస్తుంది, ఎందుకంటే క్రెడిట్, పేమెంట్ రెంటిలో ఏది ముందైతే అప్పుడు కోయాలి. మీరు ఆ ఆదాయాన్ని ఏప్రిల్‌లో రాసుకుంటే 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కోసిన పన్ను చూపే ఆదాయపు పన్ను శాఖ పట్టికలో) టీడీఎస్ ఒక ఏడాది, మీ పుస్తకంలో ఆదాయం ఇంకో ఏడాది. పాలసీ తేదీన జర్నల్ వేసే అలవాటుంటే ఈ సమస్య దాదాపు రాదు. ఏప్రిల్‌లో వచ్చిన స్టేట్‌మెంట్‌లో మార్చి తేదీవి ఏమైనా మిగిలిపోతే మార్చి 31 తేదీతో జర్నల్ వేయండి, టీడీఎస్‌నీ "టీడీఎస్ 2025-26"లోనే వేయండి.

జనవరి-మార్చి టీడీఎస్ సర్టిఫికెట్లు, అంటే ఫారం 16ఏలు జూన్ 15 కల్లా రావాలి. వచ్చాక 26ఏఎస్ దింపుకుని ఒక్కో కంపెనీకీ రెండు అంకెలు పోల్చండి. చెల్లించిన లేదా క్రెడిట్ చేసిన మొత్తాన్ని, ఆ కంపెనీ లెడ్జర్‌లో ఏడాదంతా కమీషన్‌గా డెబిట్ చేసినదాంతో, వెనక్కి పోయింది తీసేసి. టీడీఎస్‌ను మీ టీడీఎస్ లెడ్జర్‌తో. కమీషన్ 26ఏఎస్‌లో ఎక్కువుంటే మీరు రాయడం మరిచింది ఏదో ఉంది, స్టేట్‌మెంట్లు మళ్లీ తిరగేయండి. మీ దగ్గర ఎక్కువుంటే పెండింగ్ రెఫ్‌ల జాబితాలో దానికి సమాధానం దొరుకుతుంది.

స్టేట్‌మెంట్‌లో టీడీఎస్ కోసినట్టుండి 26ఏఎస్‌లో లేకపోతే, కంపెనీ ఇంకా రిటర్న్ వేయలేదో, మీ పాన్ తప్పు కొట్టారో చూడాలి. స్టేట్‌మెంట్, పాన్ కాపీ జత చేసి బ్రాంచికి మెయిల్ పెట్టండి, ఫోన్ మాట మీద ఆగొద్దు. వాళ్లు టీడీఎస్ రిటర్న్ సవరిస్తే గానీ 26ఏఎస్‌లో మారదు. అప్పటిదాకా ఆ మొత్తాన్ని టీడీఎస్ లెడ్జర్‌లోంచి తీయకుండా, మీ ఆడిటరుగారికి ఇచ్చే కాగితాల్లో ఆ మెయిల్ కాపీ కూడా పెట్టండి.